ఓవర్‌క్లాక్ చేయాలా, వోల్టేజీ తగ్గించాలా, ఆ డబ్బు వేరేచోట పెట్టాలా? గోదావరి డెల్టాలో సిస్టం ఉన్నవాళ్ళకి ఒక సలహా

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడం. ముందు నా అభిప్రాయం చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. ధవళేశ్వరం దిగువన, ఏసీ లేని గదిలో నడిచే సిస్టానికి ఓవర్‌క్లాకింగ్ మూడో స్థానంలో ఉండాల్సిన ఎంపిక. అంతకంటే ముందు చేయాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఇప్పుడున్న వేగాన్నే తక్కువ వోల్టేజీతో నడిపించడం. రెండు, ఓవర్‌క్లాక్ కోసం కూలరుకీ బోర్డుకీ పెట్టబోయే డబ్బుని ర్యాము, ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్ లాంటివాటి మీద పెట్టడం. ఈ రెండూ అయ్యాక కూడా చేతిలో అన్‌లాక్డ్ (వేగం మార్చుకోనిచ్చే) చిప్పు, గట్టి కూలరు, చల్లటి గది, నేర్చుకోవాలన్న కోరిక ఉంటే అప్పుడు నిక్షేపంగా ఓవర్‌క్లాక్ చేయండి. ఎలా చేయాలో చివర్లో రాశాను.

ఏసీ గదిలో కూర్చునేవాళ్ళకి ఈ వరస మారొచ్చు. ఓవర్‌క్లాకింగ్ మీద దొరికే సలహాల్లో చాలావరకు 20, 22 డిగ్రీల గదిలో, ఎప్పుడూ పోని కరెంటు మీద పరీక్షించి చెప్పినవి. అమలాపురంలో డాబా మీద గదికీ, పాలకొల్లులో రోడ్డువార షాపుకీ ఆ లెక్కలు అలాగే వర్తించవు. అందుకే ఇది ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది.

చిప్పులో ఇంకా ఎంత వేగం మిగిలింది

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే ప్రాసెసర్ తెచ్చింది. అమ్మింది 300 మెగాహెర్ట్జ్ అని. బోర్డులో బస్ వేగాన్ని (ప్రాసెసర్ వేగానికి ఆధారమైన మూల వేగం) 66 నుంచి 100కి మారిస్తే చాలావరకు చిప్పులు 450 దగ్గర హాయిగా నడిచేవి. పైసా ఖర్చు లేకుండా సగానికి సగం అదనం. ఓవర్‌క్లాకింగ్‌కి ఇవాళ్టికీ ఉన్న మోజు అలాంటి చిప్పుల పుణ్యమే.

ఇప్పుడు పరిస్థితి పూర్తిగా మారిపోయింది. 2008 చివర్లో వచ్చిన మొదటి కోర్ ఐ7 నుంచి ఇంటెల్ చిప్పుల్లో టర్బో బూస్ట్ ఉంది, ఏఎండీ రైజెన్లలో ప్రెసిషన్ బూస్ట్ ఉంది. చిప్పు తన వేడిని, తను తీసుకునే కరెంటుని తనే కొలుచుకుంటూ, వీలున్నంత పైకి తనే వెళ్తుంది. ఐ9-14900కె ఫ్యాక్టరీ నుంచే 6 గిగాహెర్ట్జ్ దాకా పోయేలా వచ్చింది. అంటే మనం చేద్దామనుకున్న పనిలో పెద్దభాగం కంపెనీవాళ్ళే చేసేసి, దానికి కూడా ధర కట్టి అమ్ముతున్నారు. మామూలు గాలి కూలరుతో మన చేతికి మిగిలేది అన్ని కోర్ల మీద ఐదు నుంచి పది శాతం లోపు. ఒకే గెలలో కాయలన్నీ ఒకేలా ఉండనట్టే ఒకే మోడల్ చిప్పులు కూడా ఒకేలా ఉండవు. మీ స్నేహితుడి చిప్పు 4.8కి వెళ్ళిందంటే మీది వెళ్తుందని హామీ లేదు.

పైగా అన్ని చిప్పులకీ ఈ అవకాశమే ఉండదు. ఇంటెల్‌లో పేరు చివర "కె" ఉన్న ప్రాసెసర్, దానితోపాటు జెడ్ వరస బోర్డు రెండూ ఉండాలి. హెచ్610, బి660, బి760 బోర్డుల మీద ప్రాసెసర్ మల్టిప్లయర్ (మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె) పెంచే సెట్టింగు మామూలుగా ఉండదు. రైజెన్లలో దాదాపు అన్నీ తెరిచే ఉంటాయి కాని బోర్డు బి వరసో ఎక్స్ వరసో అయి ఉండాలి, ఏ320, ఏ520 బోర్డుల్లో కుదరదు. గేమ్స్ కోసం ఎక్కువమంది కొనే ఎక్స్‌3డీ చిప్పుల్లో 5800ఎక్స్‌3డీ పూర్తిగా మూసేసి వచ్చింది, 7800ఎక్స్‌3డీలో మల్టిప్లయర్ మారదు, 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్‌3డీకి గాని పూర్తి స్వేచ్ఛ ఇవ్వలేదు. మీ దగ్గర ఐ5-12400, బి660 బోర్డు ఉంటే ఇక్కడితో ఓవర్‌క్లాకింగ్ సంగతి మరిచిపోయి నేరుగా ర్యాము గురించి రాసినచోటికి వెళ్ళిపోవచ్చు.

ఏడు శాతం వేగానికి ఎంత వేడి

చిప్పు తినే పవరు దాని వేగంతోపాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. తగవంతా ఈ ఒక్క సూత్రం దగ్గరే. ఉదాహరణకి అన్ని కోర్లూ 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర 1.20 వోల్టులతో నడుస్తున్నాయనుకోండి. 4.7కి తీసుకెళ్ళాలంటే 1.32 వోల్టులు కావలసి వచ్చిందనుకుందాం. వేగం పెరిగింది 7 శాతం కంటే తక్కువ. వోల్టేజీ 10 శాతం పెరిగింది కాబట్టి దాని వర్గం 21 శాతం. రెండూ కలిపితే పవరు 29 శాతం పెరిగింది. గంట పట్టే వీడియో రెండరింగు 56 నిమిషాల్లో అయిపోతుంది, అదీ మొత్తం పని ప్రాసెసర్ మీదే నడిస్తే. ఆ నాలుగు నిమిషాల కోసం సిస్టం మిగతా 56 నిమిషాలూ దాదాపు మూడో వంతు ఎక్కువ వేడిని గదిలోకి తోస్తుంది.

కరెంటు బిల్లు సంగతి చిన్నదే. అరవై వాట్లు అదనంగా, రోజుకి ఆరు గంటలు, నెలకి దాదాపు 11 యూనిట్లు. మీ స్లాబు ఎక్కడ మారుతుందో చూసుకుంటే చాలు.

వేగం మీకు అక్కరకొస్తుందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు 98, 99 శాతం దగ్గర పనిచేస్తూ, ప్రాసెసర్ సగం ఖాళీగా ఉంటే, ప్రాసెసర్‌ని ఎంత పెంచినా ఫ్రేములు పెరగవు. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే 90 ఫ్రేములు వచ్చినా కంటికి కనపడేవి 60. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుని, మీరు రోజూ చేసే పని చేస్తూ, ఏది నిండిపోతోందో ముందు చూడండి. చాలా సిస్టాల్లో నిండిపోయేది ర్యాము, లేదా పాత హార్డ్ డిస్కు. ప్రాసెసర్ మీద నింద ఊరికే పడుతోంది.

రోహిణి కార్తెలో గది

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. మే నెలాఖరున రాజమహేంద్రవరంలో 40 దాటడం మామూలే. కోనసీమలో కొబ్బరి చెట్ల నీడన అంకె కాస్త తక్కువ ఉన్నా ఉక్కపోత ఒంటిని వదలదు. డాబా మీద గది అయితే పగలంతా శ్లాబు పీల్చుకున్న వేడిని రాత్రి పదింటిదాకా కిందికి దింపుతూనే ఉంటుంది.

గాలితో చల్లబడే సిస్టంలో గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. సంక్రాంతి సెలవుల్లో 26 డిగ్రీల గదిలో ఓవర్‌క్లాక్ చేసి, టెస్టులో 84 డిగ్రీలు చూసి సంతోషించిన సిస్టం, మే మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో 96 కోరుకుంటుంది. రైజెన్ 7000 చిప్పుల్లో ఎక్కువవాటి హద్దు 95, ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి 100. హద్దు తగలగానే చిప్పు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. ఓవర్‌క్లాక్ చేసిన లాభం అక్కడే హరించుకుపోతుంది, అదనపు వోల్టేజీ మాత్రం చిప్పు మీద అలాగే ఉంటుంది. వేడెక్కిన చిప్పులో లీకేజీ కరెంటు కూడా పెరుగుతుంది కాబట్టి అదే వేగానికి ఇంకాస్త ఎక్కువ పవరు తీసుకుంటుంది.

వాటర్ కూలర్ పెడితే ఇది తీరిపోతుందా అని చాలామంది అడుగుతారు. అది వేడిని చిప్పు దగ్గర్నుంచి రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది, చివరికి చల్లబడేది గది గాలితోనే. 38 డిగ్రీల గదిలో దాని నీళ్ళు 38 కంటే కిందికి రావు. అంతకంటే చల్లబరిచే పరికరాలు పెడితే మన తేమలో బోర్డు మీద నీటి చుక్కలు కడతాయి, ఆ దారిన పోవద్దు.

తేమ, ధూళి రెండూ కలిస్తే ఇంకో ఇబ్బంది. రైస్ మిల్లు పక్కన ఉన్న ఇంట్లో తవుడు ధూళి, కొబ్బరి పీచు పరిశ్రమలున్న ఊళ్ళలో పీచు పొడి, ఇవి హీట్‌సింకు రెక్కల మధ్య అట్టకడతాయి. వానాకాలంలో ఆ పొర తేమ పీల్చుకుంటుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకి ఉప్పుగాలి తోడు. ర్యాము కాళ్ళు మసకబారి సిస్టం ఆన్ కాకపోతే రబ్బరుతో రుద్ది పెట్టడం మన టెక్నీషియన్లందరికీ అలవాటే. ఇలాంటి చోట ఓవర్‌క్లాక్ చేసిన సిస్టం ఆగిపోతే, కారణం వోల్టేజీయో, ధూళియో, ర్యాము కాంటాక్టో తేల్చుకోవడం మామూలు సిస్టం కంటే చాలా కష్టం. నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించే నష్టం ఇదే.

కరెంటు సంగతి

ఈ ఒక్క విభాగం చదివి ఓవర్‌క్లాక్ ఆలోచన మానుకున్నా నాకు సంతోషమే.

ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ నుంచి వచ్చే కరెంటుని సిస్టానికి కావాల్సిన వోల్టేజీలుగా మార్చే డబ్బా. అది లోపలికి వచ్చే వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగి లోటు పూడ్చుకుంటుంది. 400 వాట్లు లాగే సిస్టం 230 వోల్టుల దగ్గర 1.74 ఆంపియర్లు తీసుకుంటే, 180 వోల్టుల దగ్గర 2.22 తీసుకుంటుంది. వైర్లూ ప్లగ్గులూ, ఎస్‌ఎంపీఎస్ లోపలి భాగాలూ ఆ మేరకు ఎక్కువ వేడెక్కుతాయి. మంచి ఎస్‌ఎంపీఎస్ మీద 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉంటుంది. క్యాబినెట్‌తోపాటు వచ్చే చవక రకాల్లో చాలావాటి మీద 200 నుంచి 240 అనే ఉంటుంది. చెరువుల మోటార్లో, మిల్లో ఒకే లైను మీద ఉన్న ఊళ్ళో సాయంత్రం లైటు మసకబారడం మీరు చూస్తూనే ఉంటారు. చవక ఎస్‌ఎంపీఎస్‌కి అది గండం, ఓవర్‌క్లాక్ చేస్తే అదే గండం ఇంకా దగ్గరికొస్తుంది.

తర్వాత యూపీఎస్. షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు. మామూలుగా 300 వాట్ల దగ్గర ఉండే సిస్టం, మానిటర్ కలిపి, ప్రాసెసర్‌నీ గ్రాఫిక్స్ కార్డునీ పెంచాక 380 దాటిందనుకోండి. కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. గేమ్ మధ్యలోనో రెండరింగు మధ్యలోనో కరెంటు పోయిన క్షణాన యూపీఎస్ కీచుమని చతికిలబడుతుంది. అది దేనికోసం కొన్నామో ఆ పనే చేయలేదు. యూపీఎస్ మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే కొన్ని మిల్లీసెకన్లు ఎస్‌ఎంపీఎస్ తనలో దాచుకున్న ఛార్జితో నెట్టుకొస్తుంది. లోడు పెరిగేకొద్దీ ఆ వ్యవధి తగ్గిపోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ మీదే సిస్టం నడిపేవాళ్ళు అది సైన్ వేవ్ రకమో కాదో చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటుని సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని గునుస్తాయి. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, సిస్టం ఉన్న ఇంట్లో అది ఆ మోడ్‌లోనే ఉండాలి. ఎర్తింగ్ సరిగ్గా లేని పాత పెంకుటిళ్ళలో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం తెలిసిందే. ఓవర్‌క్లాక్ మీద పెట్టే మొదటి రూపాయి కంటే ముందు ఎర్తింగ్ మీద పెట్టండి.

చిప్పు పాడవుతుందా? వారంటీ పోతుందా?

వేగం మాత్రమే పెంచితే చిప్పు చచ్చిపోదు, సిస్టం హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ అవుతుంది, అంతే. ప్రాణం తీసేది వోల్టేజీ, దానికి తోడు వేడి. లోపలి సన్నటి లోహపు దారుల్లో కరెంటు సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ లోహపు అణువులు మెల్లగా జరిగిపోతుంటాయి. అది ఒకరోజులో కనపడదు. నిన్నటిదాకా 1.30 వోల్టులతో నిలకడగా నడిచిన వేగానికి కొన్నాళ్ళకి 1.32, ఆ తర్వాత 1.35 అడగడం మొదలుపెడుతుంది. వెనక్కి తెచ్చుకునే దారి ఉండదు.

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట అనుకుంటే 2024లో జరిగింది చూడండి. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని, ఎవరూ ఓవర్‌క్లాక్ చేయకపోయినా, గేముల్లో క్రాష్ అవుతూ వచ్చాయి. ఉండాల్సినదానికంటే ఎక్కువ వోల్టేజీని చిప్పే అడుగుతోందని తేలింది. ఆగస్టులో, సెప్టెంబరులో బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) ద్వారా మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చారు, ఆ చిప్పులకి వారంటీ మరో రెండేళ్ళు పొడిగించారు. సవరణ వచ్చేలోపే దెబ్బతిన్న చిప్పు మాత్రం బాగుపడలేదు, మార్చాల్సిందే. అంతకుముందు ఏడాది, 2023లో, రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్పులు కొన్ని కాలిపోయాయి. బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీని (చిప్పులో మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకి వెళ్ళేది) ఎక్కువగా ఇవ్వడం అందులో ప్రధాన కారణం, దాన్ని 1.3 వోల్టులకి మించకుండా ఏఎండీ కట్టడి చేసింది. బయోస్ అప్‌డేట్ చేయకుండా ఈ తరం చిప్పులు నడుపుతున్నవాళ్ళు ఓవర్‌క్లాక్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి. యూపీఎస్ మీద ఉన్నప్పుడే చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు మూలన పడుతుంది.

వారంటీ విషయంలో రెండు కంపెనీల నిబంధనా ఒకటే: నిర్ణీత హద్దులు దాటి నడపడం వల్ల వచ్చిన నష్టం వారంటీలోకి రాదు. ఓవర్‌క్లాక్ చేసే వీలున్న చిప్పు అని అమ్మినా సరే. ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళ కోసం ఇంటెల్ అదనపు రుసుముతో ఇచ్చిన రక్షణ పథకాన్ని కూడా 2021లో ఆపేసింది. వారంటీ దొరికినా, బోర్డో చిప్పో మన ఊరి షాపు నుంచి సర్వీసు సెంటరుకి వెళ్ళి తిరిగొచ్చేదాకా సిస్టం లేకుండా ఉండగలరా అన్నది కూడా లెక్కలో వేసుకోండి.

వోల్టేజీ తగ్గించడం: నా మొదటి ఓటు

కంపెనీ ప్రతి చిప్పుకీ కావాల్సినదానికంటే కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి పంపుతుంది, బలహీనమైన చిప్పు కూడా ఆగకుండా నడవాలని. మీ చిప్పు అంత బలహీనమైనది కాకపోతే ఆ అదనం వృథా. 1.20 బదులు 1.12 వోల్టులతో అదే వేగం వస్తే పవరు 13 శాతం తగ్గుతుంది. వేడి తగ్గింది కాబట్టి టర్బో ఎక్కువసేపు నిలబడుతుంది. మే నెలలో ఇదే మనకి ఓవర్‌క్లాక్ కంటే ఎక్కువ వేగం ఇస్తుంది, ఫ్యాను గోల కూడా తగ్గుతుంది.

రైజెన్ 5000, ఆ తర్వాతి చిప్పుల్లో దీనికి కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగు ఉంది. నెగటివ్ 10 దగ్గర మొదలుపెట్టండి, నిలకడగా ఉంటే 15, 20. ఒక్కో మెట్టుకి మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు తగ్గుతాయి. ఇక్కడ చాలామంది పొరబడేచోట ఒకటుంది. ఎక్కువ తగ్గిస్తే సిస్టం పడిపోయేది బరువు పని మధ్యలో అనుకుంటారు. చాలాసార్లు పడిపోయేది ఖాళీగా ఉన్నప్పుడు, బ్రౌజర్ తెరిచి వదిలేసినప్పుడు. ఎందుకంటే తేలిక పనిలోనే ఒక్కో కోరు తన పతాక వేగానికి ఎగబాకుతుంది. కాబట్టి రాత్రంతా టెస్టు నడిపి పాసయిందని ఊరుకోకుండా, రెండు మూడు రోజులు మామూలు వాడకంలో ఉంచి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ ఎర్రర్లు (హార్డ్‌వేర్ తప్పు చేసిందని విండోస్ రాసిపెట్టేవి) పడుతున్నాయేమో చూడండి. ఒక్కటి పడినా ఒక మెట్టు వెనక్కి రండి. కర్వ్ ఆప్టిమైజర్ ఉండే పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్) కూడా నిబంధనల ప్రకారం ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుందని గుర్తుంచుకోండి.

ఇది కూడా చేయడానికి చేయి ఆడకపోతే ఎకో మోడ్ ఉంది. 105 వాట్ల రైజెన్ మామూలుగా 142 వాట్ల దాకా లాగుతుంది. 65 వాట్ల ఎకో మోడ్‌లో 88 దగ్గర ఆగుతుంది. పవరు అంత తగ్గినా వేగం ఆ నిష్పత్తిలో తగ్గదు, ఎందుకంటే ఆ చివరి వాట్లన్నీ చివరి కొద్దిపాటి వేగం కోసం తగలేసినవే. కె లేని ఇంటెల్ చిప్పుల్లో వోల్టేజీ తగ్గించే వీలు బోర్డుని బట్టి అరకొరగా ఉంటుంది, పవర్ లిమిట్లు మాత్రం చాలా బోర్డుల్లో తగ్గించుకోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డుకైతే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ని 85 శాతానికి దించి ఒక గేమ్ ఆడి చూడండి. ఫ్రేముల్లో తేడా వెతుక్కోవాల్సి వస్తుంది, వేడిలో తేడా వెంటనే తెలుస్తుంది.

ర్యాము: తప్పకుండా చూడాల్సిన సెట్టింగు

3200 వేగం అని రాసిన డీడీఆర్4 ర్యాము కొని, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యాము మీద రాసిన వేగాన్ని అమలుచేసే ప్రొఫైల్) ఆన్ చేయకుండా 2400 దగ్గరో 2666 దగ్గరో ఏళ్ళ తరబడి నడుపుతున్నవాళ్ళు ఎందరో. డబ్బిచ్చి కొన్న వేగం అది. ఆన్ చేసుకోండి. ఎక్స్‌ఎంపీ కూడా సాంకేతికంగా ఓవర్‌క్లాకే, ర్యాము వోల్టేజీ 1.2 నుంచి 1.35కి పోతుంది. కాని రైజెన్ 5600జి, ఐ5-12400 లాంటి చిప్పుల మెమరీ కంట్రోలర్ అధికారికంగానే 3200కి తయారైంది కాబట్టి ఇక్కడ రిస్కు చాలా తక్కువ. డీడీఆర్5లో 6000, 6400 వేగాలు వేరే సంగతి, చాలా చిప్పుల్లో అవి కంట్రోలర్ అధికారిక హద్దు దాటినవి.

ఒకే 16 జీబీ స్టిక్కు పెట్టుకుని గ్రాఫిక్స్ కార్డు లేకుండా 5600జి మీద గేమ్స్ ఆడే విద్యార్థులకి ఒక మాట. రెండో స్టిక్కు వేయండి. 3200 దగ్గర ఒక ఛానల్‌కి సెకనుకి 25.6 జీబీ, రెండు ఛానళ్ళకి 51.2. లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, అది ఈ ర్యాము మీదే బతుకుతుంది. ప్రాసెసర్‌ని ఎంత ఓవర్‌క్లాక్ చేసినా ఇంత లాభం రాదు.

ప్రొఫైల్ దాటి ర్యాముని చేతితో ఇంకా పెంచడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను. ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ తప్పితే సిస్టం ఆగిపోతుంది, మీకు తెలుస్తుంది. ర్యాము తప్పితే చప్పుడు లేకుండా ఒక బిట్టు మారిపోతుంది, ఆ తప్పుతోనే ఫైలు డిస్కులోకి వెళ్ళిపోతుంది. పెళ్ళి ఫోటోల ఫోల్డరు ఆరు నెలల తర్వాత తెరిస్తే సగం బూడిదరంగు గీతలుగా కనపడినప్పుడు గాని తెలియదు. ప్రొఫైల్ ఆన్ చేశాక కూడా ఒక రాత్రి మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ వేగం మీ సిస్టానికి పనికిరాదు.

ఎవరికి ఏది

రావులపాలెం, తణుకు, నరసాపురం వైపు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోవాళ్ళు ఓవర్‌క్లాక్ జోలికి వెళ్ళొద్దు. మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో ఒక్కరోజు సిస్టం ఆగితే పార్టీకి మాట తప్పినట్టే. మీ బాధ ఎక్కువగా టైమ్‌లైన్ ముక్కలు ముక్కలుగా నడవడం. కొత్త కెమెరాల్లో వచ్చే 10 బిట్ 4:2:2 హెచ్.265 క్లిప్పుల్ని విప్పే హార్డ్‌వేర్ ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ చిప్పుల లోపలి గ్రాఫిక్స్‌లో ఉంది, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 వరసకి గాని రాలేదు. పేరు చివర "ఎఫ్" ఉన్న ఇంటెల్ చిప్పు కొంటే ఆ లోపలి గ్రాఫిక్సే ఉండదు, నాలుగు రూపాయలు తగ్గుతాయని అది తీసుకుని తర్వాత బాధపడకండి. ఉన్న సిస్టంతోనే నెట్టుకురావాలంటే ప్రాక్సీ ఫైళ్ళు (ఎడిటింగుకి వాడే తేలికపాటి నకళ్ళు) చేసుకోండి. సెట్టింగులు ఏమైనా మార్చి చూడాలనుకుంటే ఆషాఢంలోనో మూఢంలోనో, పని లేని రోజుల్లో చూడండి.

డీటీపీ, ఫ్లెక్సీ షాపులకి ఎస్‌ఎస్‌డీ, 32 జీబీ ర్యాము, మంచి యూపీఎస్. మీసేవ, నెట్ సెంటర్లకీ అదే. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థులు ఓవర్‌క్లాక్ ఆలోచనే పెట్టుకోవద్దు. చాలావాటిలో అది మూసేసే ఉంటుంది, తెరిచున్నా ఆ సన్నటి కూలర్ మన ఎండకి ఫ్యాక్టరీ వేగాన్నే మోయలేదు. ఏడాదికొకసారి విప్పించి ధూళి తీయించడం, థర్మల్ పేస్టు మార్పించడం, పరుపు మీద కాకుండా బల్ల మీద వెనకభాగం కాస్త ఎత్తి పెట్టుకోవడం. పోయిన వేగంలో చాలాభాగం తిరిగొస్తుంది.

ఏసీ గది, కె చిప్పు, జెడ్ బోర్డు, 144 హెర్ట్జ్ మానిటర్ ఉండి, పోటీ గేములు ఆడేవాళ్ళకి ఓవర్‌క్లాక్ కొంత అర్థవంతమే. పాత రైజెన్ ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంటే నేర్చుకోవడానికి అంతకంటే మంచి చిప్పు దొరకదు. వోల్టేజీకీ వేడికీ వేగానికీ ఉన్న సంబంధం స్వయంగా చూసిన కుర్రాడికి ఎలక్ట్రానిక్స్ పాఠం వేరేగా అర్థమవుతుంది, ఆ లాభాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం జెడ్ బోర్డుకీ, పెద్ద వాటర్ కూలరుకీ పెట్టే తేడా డబ్బుతో పైమెట్టు ప్రాసెసర్ వస్తుందేమో షాపులో కొటేషన్ రాయించుకుని చూడండి. చాలాసార్లు వస్తుంది, దానికి వారంటీ కూడా ఉంటుంది.

చేసి తీరాలనుకుంటే

ముఖ్యమైన ఫైళ్ళు బయటి డిస్కులోకి తీసేయండి. బోర్డు మీద క్లియర్ సీమాస్ జంపర్ ఎక్కడుందో మాన్యువల్‌లో ముందే చూసి పెట్టుకోండి. సిస్టం ఆన్ కాకపోతే కరెంటు తీసి దాన్ని కలిపితే, లేదా కాసేపు బటన్ సెల్ తీసి పెడితే, బయోస్ మొదటి స్థితికి వస్తుంది. బోర్డు కంపెనీలు ఇచ్చే ఒక్క నొక్కుడు ఓవర్‌క్లాక్ బటన్లు ముట్టుకోవద్దు, అవి అన్ని చిప్పులకీ సరిపోవాలని వోల్టేజీ ధారాళంగా పోస్తాయి.

ముందు వోల్టేజీ మార్చకుండా మల్టిప్లయర్ ఒక్కో మెట్టు, అంటే 100 మెగాహెర్ట్జ్, పెంచండి. ప్రతి మెట్టు దగ్గరా చిప్పుకి పూర్తి పని పెట్టే టెస్టులు నడపండి: సినీబెంచ్ పదిహేను నిమిషాలు, చివర్లో ఓసీసీటీయో ప్రైమ్95యో గంట. ఆగిపోయిన మెట్టు కంటే ఒక మెట్టు కింద ఆపేస్తే చాలామందికి అదే సరైన చోటు. వోల్టేజీ పెంచి ఇంకా పైకి వెళ్ళాలనుకుంటే కొద్దికొద్దిగా, వంద గ్రాఫుల కంటే మీ చిప్పు వేడినే నమ్ముతూ వెళ్ళండి. గ్రాఫిక్స్ కార్డు విషయంలో ఆఫ్టర్‌బర్నర్ "స్టార్టప్‌లో అమలు చేయి" అన్న టిక్కు వారం రోజులదాకా పెట్టొద్దు. అప్పుడు ఏం తేడా వచ్చినా రీస్టార్ట్ చేస్తే పోతుంది.

టెస్టు ఏసీ ఆపి, ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి, సిస్టం రోజూ ఉండే గదిలో, క్యాబినెట్ మూత పెట్టి చేయండి. అప్పుడు చిప్పు హద్దుకి కనీసం పది డిగ్రీలు కింద ఉండాలి. చలికాలంలో చేస్తున్నారా, వచ్చిన అంకెకి పన్నెండు కలిపి చూసుకోండి. బయోస్‌లో రెండు ప్రొఫైళ్ళు దాచుకోవచ్చు: కార్తీకం నుంచి శివరాత్రి దాకా నడపడానికి ఒకటి, ఉగాది రాగానే మార్చుకోవడానికి తక్కువ వోల్టేజీది ఇంకొకటి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఏ ప్రొఫైలూ అక్కర్లేదు, ప్లగ్గు పీకి, నెట్ కేబుల్ కూడా ఊడదీసి పెట్టండి. పిడుగు ఆ తీగ వెంట కూడా వస్తుంది.